పొగిడే మనిషి

బోర్గో వీధిలో పిజ్జాలు కాల్చే తొనీనో నిద్రలోనే పోయాడన్న కబురు నేపుల్స్‌లోని సనితా పేటకి చేపల బండికన్నా ముందే చేరింది. ఇమ్మాకొలాతా అప్పుడు తమ కొట్టు గుమ్మం కడుగుతోంది. ఎదురు బాల్కనీలోంచి రోసారియా పిన్ని రొట్టెల కోసం తాడు కట్టిన బుట్ట కిందికి దించుతోంది. రోజూ వీధి వీధంతా లేచేట్టు అరిచే మనిషి ఇవాళ వేలితో 'ఉండు' అని సైగ చేసింది. బుట్ట అలా గాల్లో వేలాడుతూ ఉండగానే, చెప్పులు టపటపలాడించుకుంటూ తనే దిగి వచ్చింది. పిన్ని మోకాళ్ళు చావు కబుర్లకి తప్ప కదలవని పేటలో అందరికీ తెలుసు.

"తొనీనో పోయాడే," అంది చెవిలో. "పడుకున్నవాడు పడుకున్నట్టే. గుండె."

ఇమ్మా చేతిలో చీపురు ఆగిపోయింది. "ఆ పొగిడే ఆయన గానీ..."

"ఆయనే. మొన్న మధ్యాహ్నం అక్కడ తిన్నాడంట. తొనీనో వదిన కళ్ళారా చూసింది. తినడం అయ్యాక లేచి నిలబడి, మూతి తుడుచుకుని, కొట్టంతా వినేలా అన్నాడంట, 'నేను ఇంత మంచి పిజ్జా తినలేదు' అని. అంతే. దాని వెనకాల 'దేవుడు చల్లగా చూడాలి' అన్న ముక్క లేదు. ఆ ముక్కంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయనుకున్నాడు గావును!"

"అయ్యో తల్లీ!"

"ఇంకా నయం, మీ గుమ్మం తొక్కలేదు," అని పిన్ని దిష్టి తగలకుండా రెండు వేళ్ళు కొమ్ముల్లా చాచి నేలకేసి పొడిచింది. ఇమ్మా మెడలో ఉన్న దిష్టి తాయెత్తు, ఎర్ర కొమ్ముని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

ఈ పేటలో పసివాణ్ణి ముద్దొస్తున్నాడనాలన్నా, పక్కింటావిడ జుట్టు బాగుందనాలన్నా వెంటనే దేవుణ్ణి తలుచుకోవాలి. తలుచుకోకుండా మెచ్చుకున్నవాడు మెచ్చుకున్నట్టు కాదు, దిష్టి పెట్టినట్టు. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. ఇక్కడ ముందు బట్టీ పగిలింది. ఫోర్చెల్లాలో డొన్నా ఫొర్తునాతా తాతల నాటి బట్టీ, ఆయన మెచ్చుకున్న మర్నాడే నెత్తిన చీలింది. ఆ తర్వాత మోంతెసాంతోలో డాన్ బియాజో, అంటే బియాజో గారు, పిండి బస్తా కోసం నేలమాళిగలోకి దిగుతూ జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు తొనీనో.

నిజం చెప్పుకోవాలంటే ఫొర్తునాతా బట్టీకి పగులు పోయినేడే కనపడింది. బియాజో మెట్ల మీద దీపం లేదని పెళ్ళాం ఏళ్ళ తరబడి మొత్తుకుంటోంది. తొనీనో మనిషి ఏనుగంత, నోట్లోంచి సిగరెట్టు దిగేది కాదు. ఇవన్నీ అందరికీ తెలుసు. తెలిస్తే ఏం లాభం? భయం ఒకసారి గడప దాటి లోపలికి వచ్చాక లెక్కలు వినదు.

ఆ పొగిడే మనిషి ఉత్తరాదిన టూరిన్ నించి వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. పేరు ఒడాస్సో. ఈ పేరు ఒక్కసారే చెబుతాను, మళ్ళీ చెప్పను. చెప్పకపోవడం ఇక్కడి పద్ధతి, నాకూ అదే మంచిదనిపిస్తుంది. సన్నగా, పొడుగ్గా, ఒకదానితో ఒకటి కలిసిపోయిన కనుబొమలు, దళసరి కళ్ళద్దాలు, మబ్బు తునక లేని మే నెలలో చేతిలో నల్ల గొడుగు. దిష్టి కళ్ళవాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పగలంతా ఊరు తిరుగుతూ, కనపడ్డవాణ్ణల్లా టోపీ తీసి మర్యాదగా అడుగుతాడు: "ఈ నగరంలో అన్నిటికన్నా మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందండీ?" ఎన్నో చోట్ల తిన్నాడు. చాలా చోట్ల మాట్లాడకుండా డబ్బిచ్చి వెళ్ళిపోయాడు. మూడు చోట్లే నోరు విప్పాడు. ఆ మూడు చోట్లా అలా అయింది.

మొదట్లో నేపుల్స్ అంతా పోటీ పడి దారి చెప్పింది. ఫొర్తునాతా బట్టీ పగిలాక సగం మంది దారి చెప్పడం మానేశారు. మిగతా సగం తమకి పడనివాళ్ళ కొట్లు చూపించారు. అల్లుడి మీద కోపమున్న మామ అల్లుడి కొట్టు చూపించాడు. పాపం ఆ మనిషికి ఇవేవీ తెలియవు. ఈ ఊళ్ళో జనం ఎంత మంచివాళ్ళో అనుకుంటూ తిరుగుతున్నాడు.

ఇమ్మా భయం వేరు. ఆమెకి బట్టీ గురించి బెంగ లేదు. రోజూ లోపల బల్ల దగ్గర నిలబడి పిండి ముద్దలు సర్దుకునే మనిషి గురించి బెంగ. ఆమె మొగుడు అనియెల్లో ఈస్టర్‌కి ముందు, ఉపవాసాల రోజుల్లో, పిండి కలుపుతూ కలుపుతూ ఆ పిండిలోనే మొహం పెట్టి పడిపోయాడు. ఆసుపత్రిలో గుండె రక్తనాళాల్లోకి రెండు స్ప్రింగులు దూర్చి బతికించారు. డాక్టరు మూడు మాటలు చెప్పి పంపాడు: చప్పిడి తిండి, మెట్లెక్కొద్దు, ఆవేశపడొద్దు. మొదటి రెండూ ఇమ్మా చూసుకుంది. మూడోది కుక్కని మొరగొద్దన్నట్టే అయింది.

అనియెల్లో చీజ్ డబ్బా భుజాన పెట్టుకుని వచ్చాడు. కబురు దార్లోనే విన్నాడు. డబ్బా దింపి, గుండె మీద శిలువ గీసుకుని, కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత తలెత్తి అన్న మొదటి మాట ఇది:

"అంటే తొనీనోదే మంచిదన్నమాట?"

"నీకు బుద్ధుందా? మనిషి చచ్చిపోతే!"

"చచ్చిపోయినందుకు ఏడుస్తా, సాయంత్రం వెళ్తా, పూలు కూడా పట్టుకెళ్తా. కానీ ఇమ్మా, తొనీనో! ఆ అంచులు చూశావా ఎప్పుడైనా? చెప్పు అట్టలా ఉండేవి. వాడిది మంచిదంట, నాది తిననే లేదంట."

"తినకపోతే ఏం కొంపలు మునిగాయి?"

"నా కొంప మునిగింది." అనియెల్లో పిండి చల్లుకుని బల్ల తుడిచాడు. "మా నాన్న ఈ బల్ల దగ్గరే ముసలాడైపోయాడు. నేనూ అవుతున్నా. తింటారు, మూతి తుడుచుకుంటారు, బంతాట గురించి వాదించుకుంటూ పోతారు. ఒక్కడంటే ఒక్కడు నించుని 'ఇదే' అన్లేదు. ఆసుపత్రిలో గొట్టాలు పెట్టుకుని పడుకున్నప్పుడు కూడా ఇదే అనుకున్నా."

"నేను తినట్లేదా రోజూ?"

"తింటావ్. ఒక్కసారైనా బాగుందన్నావా?"

"నేనంటే... నా నోరు తగిలి నీకేమైనా అయితే?"

"ముప్పై ఏళ్ళు నోరు కట్టుకున్నావు కదా. ఏమైంది? గుండె ఆగలేదా?"

ఇమ్మా కట్టెలు తెచ్చే వంకతో లోపలికి వెళ్ళిపోయింది. కట్టెల గదిలో గోడకి ఆనుకుని నిలబడితే, తన గుండె చప్పుడే తనకి పక్క గదిలో ఎవరో తలుపు బాదినట్టు వినపడింది.

ఆ పగలంతా ఆమెకి పని సాగలేదు. గుమ్మం దాటి ఎవరి నీడ పడినా ఉలిక్కిపడింది. బట్టీ నెత్తిన పాత ఎర్ర కొమ్ము ఉండనే ఉంది, దాని పక్కన ఇంకోటి తగిలించింది. చీపురు తలకిందులుగా నిలబెట్టింది. మధ్యాహ్నం కొట్టు మూశాక మొగుడు కునుకు తీస్తుంటే పిన్ని ఇంటికి పరిగెత్తింది. పిన్ని పళ్ళెంలో నీళ్ళు పోసి, పెదాల్లో ఏదో చదువుకుంటూ చిటికెన వేలితో ఆలివ్ నూనె చుక్కలు వేసింది. దిష్టి లేకపోతే చుక్క చుక్కగానే ఉంటుంది. ఉంటే విచ్చుకుంటుంది.

మొదటి చుక్క నిలిచింది. రెండోది నిలిచింది. మూడోది పడీ పడగానే చెదిరి పళ్ళెమంతా పరుచుకుంది.

"ఇంకా తగల్లేదు," అంది పిన్ని, మొహం మాత్రం పాలిపోయింది. "కానీ చూస్తోంది. దగ్గర్లోనే ఉంది. వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు. ఎక్కినా నోరు తెరవనివ్వకు."

మర్నాడు పొద్దున అనియెల్లో కాఫీ తాగి తిరిగొచ్చాడు. కొత్తగా గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, ఈల వేసుకుంటూ బల్ల దగ్గరకి వెళ్ళాడు. ఇమ్మాకి అనుమానం వచ్చింది. ఈల వేస్తూ పని మొదలుపెట్టడం అతనికి పెళ్ళయిన కొత్తలో ఉండేది.

"ఏంటి విశేషం?"

"ఏం లేదు."

"అనియె!"

అతను పిండి ముద్దని అరచేత్తో నొక్కాడు. తలెత్తకుండా అన్నాడు: "కాఫీ కొట్టులో కనపడ్డాడు. పాపం ఎవరూ పక్కన నించోవట్లేదు, కాఫీ ఇచ్చేవాడు కూడా కప్పు దూరంనించి తోశాడు. నాకు జాలేసింది."

"జాలేసి?"

"మధ్యాహ్నం మా కొట్టుకి రండి అన్నా."

ఇమ్మాకి ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. మొగుడి పెదాలు కదలడం కనిపిస్తోంది, అంతే. తొనీనో వదిన నల్లబట్టలు, పిండిలో పడి ఉన్న అనియెల్లో మొహం, పళ్ళెంలో చెదిరిన నూనె, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. రోట్లో తలపెట్టినవాడు రోకటి పోటుకి వెరవడంటారు. ఈయన తలపెట్టడమే కాదు, రోకలిని బొట్టు పెట్టి పిలిచి వచ్చాడు.

"కొట్టు మూసెయ్. ఒంట్లో బాలేదని చెబుదాం."

"నా ఒంట్లో ఇంత బాగుండి ఎన్నేళ్ళయిందో!"

"నీ కాళ్ళు పట్టుకుంటాను. తొనీనో పిల్లల మొహం చూశావా?"

"తొనీనో తిండిపోతు. నేను ఆవురావురుమంటూ చప్పిడి గుమ్మడికాయ తింటున్నా, నాకేం అవుతుంది?" అని నవ్వాడు. నవ్వు ఆపి, మెల్లగా అన్నాడు: "ఇమ్మా, నిజంగా పోయేదే అయితే, ఆ మాట విని పోతాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా ఇమ్మాది భయం. ఆ మాటతో అది నిర్ణయమైంది.

ఆ కొట్టులో పనులు చిన్నప్పటి ఆటలాగా పంచుకున్నవి. అనియెల్లో పిండి కలిపి, చరిచి, సాగదీసి, మీద వెయ్యాల్సినవి వేస్తాడు. ఇమ్మా పొడుగు పార పట్టుకుని బట్టీలో కాలుస్తుంది. టమాటాలు చేత్తో నలిపి ఉప్పు వేసి గిన్నెలో పెట్టేది కూడా ఇమ్మాయే. చప్పిడి తిండి మొదలయ్యాక అనియెల్లో నాలుకకి ప్రతిదీ ఉప్పగానే తగిలేది. అందుకని టమాటా రుచి చూడటం పూర్తిగా మానేశాడు. "నీ నాలుకే నా నాలుక," అనేవాడు.

పిజ్జాని మాడ్చేద్దామా అనుకుంది ముందు. మాడితే చూస్తాడు, తిడతాడు, ఇంకోటి చేస్తాడు. పచ్చిగా తీద్దామా? అదీ చూస్తాడు. కంటికి కనపడని తప్పు కావాలి. కట్టెల గదిలో చిన్న గిన్నెలో వేరేగా టమాటాలు నలిపి, పిడికెడు ఉప్పు వేసింది. చెయ్యి ఆగింది. ఇంకో పిడికెడు వేసింది. నాలిక మీద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పుకో, ఎందుకో ఆమెకే తెలియదు. బతికుంటే చాలు తల్లీ, బతికుంటే చాలు, అని గోడమీది మేరీమాత బొమ్మకి చెప్పుకుంది. బొమ్మ కళ్ళలోకి మాత్రం చూడలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గుమ్మంలో గొడుగు వంచి, టోపీ తీసి, "మంచి రోజండీ," అన్నాడు. లోపల తింటున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు సగం ముక్కలు చేత్తో పట్టుకునే బయటికి జారుకున్నారు. ఒకడు వెళ్తూ వెళ్తూ ప్యాంటు ముందు భాగం పట్టుకుని మరీ వెళ్ళాడు. మొగవాళ్ళకి ఇక్కడ అదే తాయెత్తు. చేపలమ్మే సబతీనో మాత్రం కదల్లేదు. వాడికి పిజ్జా ముందుంటే యముడు వచ్చినా పక్క కుర్చీ చూపిస్తాడు.

"కూర్చోండి, కూర్చోండి సిన్యోర్," అనియెల్లో గొంతు పెళ్ళికొడుకు గొంతులా ఉంది. "ఏం పెట్టమంటారు?"

"మీరు మీ ఇంట్లో వాళ్ళకి ఏది పెడతారో అది."

దగ్గర్నించి చూస్తే ఆ మనిషి కళ్ళు పెద్ద భయంకరంగా ఏమీ లేవు. అద్దాల వెనక కాస్త తడిగా, అలసటగా ఉన్నాయి. అయినా అవి బల్ల మీదికి, అక్కడ్నించి మొగుడి చేతుల మీదికి జరుగుతుంటే ఇమ్మాకి ముచ్చెమటలు పోశాయి. అనియెల్లో ముద్ద తీశాడు. ఈ చేతినించి ఆ చేతికి చరుస్తూ తిప్పుతుంటే పిండి పల్చబడి, అంచు ఒక్కటే బొద్దుగా నిలిచింది. ఎన్నాళ్ళయింది అతను అలా చేసి! తెల్ల చొక్కాలో, చెమట పట్టిన నుదురుతో, ఆ చేతులు అంత అందంగా కదులుతుంటే చూసి మురిసిపోవాల్సింది పోయి ఆమె చిన్న గిన్నె అందించింది.

"ఇది వెయ్యి. పెద్ద గిన్నెలో నీరు ఊరింది."

అతను చూడను కూడా చూడలేదు. గరిటె ముంచి, మధ్యనించి గుండ్రంగా తిప్పుతూ రాశాడు. చీజ్ తుంచి వేశాడు, బేసిల్ ఆకులు, నూనె. ఇమ్మా పార మీదికి తీసుకుని బట్టీలో పెట్టింది. అంచు పొంగింది, మచ్చలు దేరింది. పేటలో ఏ ఆడదీ ఇంత బాగా కాల్చలేదని తనకి తెలుసు. ఆ క్షణాన అది తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ మనిషి కత్తితో ఒక ముక్క కోశాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మళ్ళీ నమిలి, మింగి, నీళ్ళు తాగాడు. అనియెల్లో బల్ల అవతల రెండు చేతులూ పిండిలో ఉంచుకుని చూస్తున్నాడు. ఆయన రెండో ముక్క తిన్నాడు, మర్యాదకి. మళ్ళీ నీళ్ళు. మూడోది కొయ్యలేదు. లేచి, డబ్బు పెట్టి, టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"సిన్యోర్?" అన్నాడు అనియెల్లో.

"పిండి చాలా... మీ చెయ్యి తెలుస్తోంది," అన్నాడాయన ఇబ్బందిగా. "ఉప్పు మాత్రం కాస్త ఎక్కువైనట్టుంది. నా నోటికేనేమో. క్షమించండి." వంగి నమస్కారంలాంటిది పెట్టి వెళ్ళిపోయాడు.

ఇమ్మా ఊపిరి వదిలింది. దాటింది. గండం దాటింది. సంతోషంతో పార మీద ఒరిగి నిలబడింది. అప్పుడు మొగుడి మొహం చూసింది.

అనియెల్లో ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళి మిగిలిన ముక్క కొరికాడు. నమిలాడు. ఏమీ తేల్చుకోలేకపోయాడు. అతనికి ఈ మధ్య అన్నీ అలాగే ఉప్పగా ఉంటాయి. ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"అయిపోయింది ఇమ్మా," అన్నాడు. "నా చెయ్యి పోయింది. గుండెతో పాటే పోయినట్టుంది, నేనే చూసుకోలేదు." నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాడు. "బట్టీ ఆర్పెయ్."

ఆ గొంతు ఆసుపత్రిలో కూడా వినలేదు ఆమె. "ఒక్కడన్నాడని..." అనబోయింది.

అప్పుడు సబతీనో, బుగ్గ నిండా పెట్టుకుని, తన ధోరణిలో అన్నాడు: "ఉప్పెక్కువేంటి డాన్ అనియె? నాది బ్రహ్మాండంగా ఉంది, దేవుడు చల్లగా చూడాలి. ఉత్తరాదివాళ్ళకి నాలుకలుంటాయా ఏమన్నానా?"

అనియెల్లో ముడి విప్పుతున్న చేతులు ఆగాయి. సబతీనో పళ్ళెం చూశాడు. ఆ మనిషి పళ్ళెం చూశాడు. తిరిగి బల్ల దగ్గరకి నడిచాడు. అక్కడ పెద్ద గిన్నె ఉంది, పక్కన చిన్న గిన్నె ఉంది. ఇమ్మా దాన్ని తీసెయ్యాలని చెయ్యి చాచింది, అందలేదు. అతను పెద్ద గిన్నెలో వేలు ముంచి చీకాడు. చిన్న గిన్నెలో ముంచి చీకాడు. ఎంత చెడిన నాలుకైనా ఆ తేడా తెలియకుండా ఉండదు.

"నువ్వా?" అన్నాడు.

"పొగిడేస్తాడని," అంది ఇమ్మా. ఏడుపు తన్నుకొచ్చింది. "నిన్ను కూడా తొనీనోలాగా... నాకింకెవరున్నారు? నాకు పిజ్జా వద్దు, పేరొద్దు, నువ్వుంటే చాలనుకున్నా. తప్పా?"

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. "కంచే చేను మేసిందన్నమాట," అని మాత్రం అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. నడుము గుడ్డ మళ్ళీ బిగించాడు. ముద్ద తీసి చరిచాడు. పెద్ద గిన్నెలోంచి టమాటా రాశాడు. ఇమ్మా పార అందుకోబోతే, ఆమె చేతిలోంచి లాక్కుని తనే బట్టీలో పెట్టాడు, తనే తిప్పాడు, తనే తీశాడు. నాలుగు మడతలు పెట్టి దళసరి కాగితంలో చుట్టాడు. గుమ్మం దిగాడు.

"అనియె! ఎక్కడికి? అనియె, ఎండగా ఉంది, డాక్టరు..."

అతను అప్పటికే పరిగెత్తుతున్నాడు. ఆసుపత్రినించి వచ్చాక వీధి చివరిదాకా ఆగి ఆగి నడిచే మనిషి, కాగితం పొట్లం గుండెకి అదుముకుని, స్కూటర్ల మధ్యనించి, ఆరేసిన దుప్పట్ల కిందనించి పరిగెత్తుతున్నాడు. ఇమ్మా వెనకాల పరిగెత్తింది. "ఆపండి! ఎవరన్నా ఆపండి!" అని అరిచింది. బాల్కనీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో నవ్వారు, మొగుడూ పెళ్ళాల గొడవనుకుని.

పేట నెత్తిన ఉన్న వంతెన మీదికి తీసుకెళ్ళే లిఫ్టు ముందు జనం ఉన్నారు. ఆ మనిషి వాళ్ళని చూసి, వాళ్ళు తనని చూసి తప్పుకోవడం చూసి, మెట్ల దారి పట్టినట్టున్నాడు. సగం ఎత్తులో నల్ల గొడుగు మెల్లగా పైకి వెళ్తూ కనిపించింది. అనియెల్లో తలెత్తి చూశాడు, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"మెట్లెక్కొద్దు!" అని ఇమ్మా గొంతు చించుకుంది. "నేనిస్తా! ఇటు ఇవ్వు, నేను తీసుకెళ్ళి ఇస్తా!"

అతను వెనక్కి తిరగలేదు. తిరిగి ఏం చూస్తాడు? ఆ పొట్లం ఆమె చేతికి ఇస్తాడా ఇప్పుడు? ఆ సంగతి ఇమ్మాకి పరిగెత్తుతూనే అర్థమైంది. మెట్టు మెట్టుకీ అతని తెల్ల చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోతోంది. ఒకచోట ఆగి గోడ పట్టుకున్నాడు. పడ్డాడనుకుంది. పడలేదు. మళ్ళీ ఎక్కాడు. ఇదంతా ఎవరి మూలాన? ఆ మనిషి తిని, మెచ్చుకుని పోయి ఉంటే ఈ పాటికి అనియెల్లో కుర్చీలో కూర్చుని గొప్పలు చెప్పుకుంటూ ఉండేవాడు. తనే తోలింది అతన్ని ఈ మెట్ల మీదికి.

"సిన్యోర్!" అన్నాడు అనియెల్లో. అరుపు రాలేదు, గాలి వచ్చింది.

ఆ మనిషి ఆగి తిరిగాడు. పొట్లం చూశాడు, పొట్లం ఇచ్చిన మొహం చూశాడు. ఏమీ అడగలేదు. గొడుగు గోడకి ఆనించి, కాగితం విప్పి, నిలబడి తిన్నాడు. ఇమ్మా కొన్ని మెట్ల కింద ఆగిపోయింది. ఆయన సగం తిని ఆగుతాడనుకుంది. ఆగలేదు. నూనె మణికట్టు మీదుగా కారుతున్నా తుడుచుకోకుండా చివరి అంచుదాకా తిన్నాడు. తర్వాత టోపీ తీశాడు.

"ఇదే," అన్నాడు. "ఈ ఊళ్ళో నేను వెతుక్కుంటూ వచ్చింది ఇదే. ఇంతకన్నా మంచిది లేదు."

"దేవుడు చల్లగా చూడాలి అనండి!" అని ఇమ్మా కేకపెట్టింది. "అనండి! మీకు దండం పెడతాను, ఆ మాట కూడా అనండి!"

ఆయన అయోమయంగా ఆమెకేసి చూశాడు. "ఏమనాలి?"

"వద్దు," అన్నాడు అనియెల్లో. చెయ్యి పైకెత్తి ఆపాడు. "ఏమీ కలపొద్దు సిన్యోర్. అలాగే ఉండనివ్వండి. ఎంత ఉండాలో అంతే ఉంది."

అని మెట్టు మీద కూలబడ్డాడు.

ఇమ్మాకి ఆ మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. వెళ్ళి అతని పక్కన మోకాళ్ళ మీద పడింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. చొక్కా గుండీలు ఊడదీసింది, జేబులో మాత్ర వెతికి నాలుక కింద పెట్టింది. గుండె మీద చెయ్యి వేసింది. అది వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంటోంది. ఆగుతోంది, కొట్టుకుంటోంది. మేరీమాతా, తీసుకుపోతే నన్ను తీసుకుపో, ఉప్పు వేసిన చెయ్యి నాది.

చాలాసేపటికి అతని ఊపిరి ఒక దారికి వచ్చింది. పెదాలకి కాస్త రంగు వచ్చింది. కళ్ళు తెరిచి తన గుండె మీద ఉన్న చేతిని చూశాడు. రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి, కోపం లేకుండా, పరాయివాళ్ళ వస్తువు తిరిగి ఇచ్చినట్టు ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఆసుపత్రికి ఫోన్ చేస్తాను," అన్నాడు ఆ మనిషి.

"కిందికి దిగాక చూద్దాం," అన్నాడు అనియెల్లో. "బట్టీ మండుతోంది. సబతీనో ఒక్కడే ఉన్నాడు, వాడు చీజ్ అంతా తినేస్తాడు."

లేవబోయాడు. ఇమ్మా లేచి చెయ్యి చాచింది. అతను ఆ చెయ్యి చూశాడు. చూసి, అటు తిరిగి, ఆ నల్ల గొడుగు మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన గొడుగు ఊతకర్రలా రెండో చేతికి ఇచ్చాడు. ఇద్దరూ మెల్లగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగడం మొదలుపెట్టారు. పిండిలో పోసే నీళ్ళ గురించి, టూరిన్‌లో నీళ్ళ గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. కింద జనం వాళ్ళకి దారి వదిలి గోడలకి అతుక్కుపోయారు. ఒకావిడ పసిపిల్ల కళ్ళు మూసింది.

ఇమ్మా రెండు మెట్లు వెనకగా దిగింది. మెడలో కొమ్ము ఉందో లేదో తడుముకోలేదు. ఇప్పుడామెకి ఆ మనిషి కళ్ళంటే భయం లేదు. ముందు నడుస్తున్న మొగుడు ఏ మెట్టు మీదనో ఆగి వెనక్కి తిరిగి తనకేసి చూస్తాడేమోనని భయంగా ఉంది.